అజాగ్రత్త అన్న మాట

ఆ లాండ్రీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. యజమాని మొదలుకుని మూటలు దించే లారీ డ్రైవరు దాకా అందరికీ ఆమె పెద్దక్కే. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ పక్కగుడ్డలు, తువ్వాళ్ళు మూటలు మూటలుగా వచ్చిపడే చోటు అది. ఒక పక్క ఉతికే యంత్రాలు, ఇంకో పక్క ఆరబెట్టే యంత్రాలు, హాలు మధ్యలో పెద్ద ఇస్త్రీ రోలరు. తడి దుప్పటిని రెండు కొసలూ పట్టుకుని నోటికి అందిస్తే చాలు, రోలరు దాన్ని లాక్కుని అవతలి వైపు వేడివేడిగా, కాగితంలా చదునుగా వదిలేది. ఆవిరికి గోడలు ఎప్పుడూ చెమ్మగానే ఉండేవి. పక్కమనిషి మాట వినబడాలంటే అరవాల్సిందే.

పెద్దక్క అక్కడ సూపర్వైజరు. గొంతూ గట్టిదే, మనిషీ గట్టిదే. ఉతికిన దుప్పటి మీద మరక మిగిలిందంటే ఉతికినవాళ్ళకి ఆ పూట మూడినట్టే. అదే మనిషి, ఎవరికైనా జ్వరం వస్తే వాళ్ళని ఇంటికి తరిమేసి వాళ్ళ పని తన నెత్తినేసుకునేది. అందుకే ఆమె తిట్లకి ఎవరూ నొచ్చుకునేవాళ్ళు కారు.

రోలరు దగ్గర నిలబడేది చిట్టి. పెద్దక్కకి స్వయానా తోటికోడలు, మరిది భార్య. ఇద్దరి కాపురాలూ ఒకే మేడలో, పెద్దక్క వాళ్ళు పైనా చిట్టి వాళ్ళు కిందా. చిట్టిని ఈ పనిలో పెట్టింది పెద్దక్కే. పెట్టినందుకు ఏనాడూ మాట పడలేదు సరికదా, నలుగురిలో గొప్పగా చెప్పుకునేది. చిట్టి చేతి ఒడుపు అలాంటిది. దుప్పటి కొసలు పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తే ముడతన్నది వెతికినా దొరికేది కాదు.

రోలరు నోటి ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉండేది. చెయ్యి మరీ దగ్గరికి వెళ్ళి దానికి తగిలితే మిషను టక్కున ఆగిపోవాలి. దాని పనే అది. ఆ వానాకాలంలో ఆ కడ్డీకి ఏదో తిక్క పట్టింది. చెయ్యి సంగతి అటుంచి దుప్పటి అంచు రాసుకున్నా ఆగిపోవడం మొదలుపెట్టింది. ఆపడం, మళ్ళీ తిప్పడం, ఆపడం, మళ్ళీ తిప్పడం. మెకానిక్కు వచ్చి లోపల స్విచ్చు పోయింది, కొత్తది వెయ్యాలన్నాడు. తెప్పిద్దాం, తెప్పిద్దాం అన్నాడు యజమాని. ఆసుపత్రి నుంచేమో ఫోను మీద ఫోను, మా దుప్పట్లేవని. ఒకరోజు పొద్దున్నే పెద్దక్క విసిగిపోయి, చిరిగిన దుప్పటి పేలిక ఒకటి తీసుకుని ఆ కడ్డీని కదలకుండా వెనక్కి లాగి కట్టేసింది.

మిషను ఇక ఆగలేదు. "స్విచ్చు వచ్చేదాకా కాస్త చూసుకుని చెయ్యండి" అని అందరికీ చెప్పింది. చెప్పాను కదా అని తనూ నిశ్చింతగా ఉంది.

స్విచ్చు రాలేదు. కొన్నాళ్ళకి ఆ పేలిక అక్కడ ఉందన్న సంగతే అందరికీ అలవాటైపోయింది.

ఒక మధ్యాహ్నం దుప్పటి కొస మడతపడి రోలరులోకి పోతుంటే సరిచెయ్యడానికి చిట్టి చెయ్యి చాపింది. రోజూ చేసే పనే. ఆరోజు దుప్పటితో పాటు చేతినీ లాక్కుంది రోలరు. కేక విని పెద్దక్క పరుగున వచ్చి కరెంటు మీట కిందికి కొట్టేసింది. ఆడవాళ్ళు తలో చెయ్యీ వేసి చిట్టి చేతికి తువ్వాలు చుట్టారు. కుడిచేతి వేళ్ళు మూడు దక్కలేదు.

అప్పుడు జరిగిందొకటి ఉంది. ఎవరూ చూడలేదనే పెద్దక్క అనుకుంది. అందరూ చిట్టిని పట్టుకుని గుమ్మం వైపు నడిపిస్తుండగా ఆమె ఒక్కతే రోలరు దగ్గర మిగిలింది. ఆమె చేతులు పేలిక ముడి విప్పాయి. దాన్ని ఉండచుట్టి ఆప్రాన్ జేబులో కుక్కుకుని, చిట్టి వెనకాలే ఆసుపత్రికి పరుగెత్తింది. దారి పొడుగునా తోటికోడలి తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు దొంగఏడుపు కాదు. జేబులో పేలిక ఉన్న మాటా నిజమే.

*

కార్మిక శాఖ వాళ్ళు విచారణ పెట్టారు. దానికి ముందు యజమాని ఆమెను తన లాయరు దగ్గరికి తీసుకెళ్ళాడు. లాయరు నెమ్మదస్తుడు. కోపంగా మాట్లాడే మనిషి కాదు. కళ్ళజోడు తుడుచుకుంటూ, పాఠం చెప్పే మాస్టారిలా మొదలుపెట్టాడు.

"చూడమ్మా, ఈ కేసంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. నిర్లక్ష్యం. ఆ మాట ఎవరి మెడకి చుట్టుకుంటుందన్నదే మన గొడవ."

"అజాగ్రత్తన్నా, నిర్లక్ష్యమన్నా అన్నీ ఒకటే కదండీ" అంది పెద్దక్క.

"ఇంట్లో ఒకటే. బడిలో పిల్లలకి సమానార్థకాలని వల్లె వేయిస్తారు. కోర్టు గుమ్మం తొక్కాక మాత్రం ఏ రెండు మాటలూ ఒకటి కావు." తను చెప్పబోయేది తనకే ఇష్టమైనట్టు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇప్పుడు పొయ్యి మీద పాలగిన్నె పెట్టారనుకోండి. కిటికీలోంచి ఎవరో పిలిస్తే ఒక్క క్షణం అటు చూశారు, పాలు పొంగిపోయాయి. అది ఏమరపాటు. మనసన్నాక పక్కకి పోతుంది, ఎవరికైనా పోతుంది. దానికి చట్టం పెద్దగా కోప్పడదు. అజాగ్రత్త అలా కాదు. మంట పెద్దదని తెలియాల్సిన మనిషే, చూసుకోవాల్సినంత చూసుకోలేదు. అశ్రద్ధ అంటే అసలు ఆ పని మీదే మనసు పెట్టకపోవడం. పాలేమైతే నాకేం అన్నట్టు."

"మరి నిర్లక్ష్యం?"

"అందులో లక్ష్యం ఉంది చూశారా? లక్ష్యపెట్టకపోవడం అన్నమాట. ప్రమాదం ఉందని తెలుసు. ఆపాల్సిన బాధ్యత తనదే. ఆపే వీలూ ఉంది. అయినా సరే, పోనీలే ఏమవుతుంది అనుకోవడం. కోర్టు పట్టుకునేది దాన్నే." గొంతు తగ్గించి నవ్వాడు. "దాని పైమెట్టు ఇంకోటుంది, ఉపేక్ష. కళ్ళెదుట జరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం. దాని జోలికి మనం వెళ్ళొద్దు."

పాలగిన్నె దాకా పెద్దక్క బాగానే వింది. 'పోనీలే ఏమవుతుంది' దగ్గరికి వచ్చేసరికి లాయరు ముఖంలోంచి చూపు తిప్పుకుంది. పేలిక రెండో ముడి బిగిస్తూ తను సరిగ్గా ఆ ముక్కే అనుకుంది.

"కాబట్టి మీరు ఒక్క మాట అంటే చాలు. అజాగ్రత్త. ఎవరిదంటే, ఆ అమ్మాయిది. పని తొందరలో చెయ్యి ముందుకి పెట్టింది. నిర్లక్ష్యం అన్న మాట మాత్రం మీ నోట రాకూడదు. ఎవరి గురించైనా సరే."

"అబద్ధం అవుతుందేమోనండీ."

"చెయ్యి పెట్టిందా లేదా?"

"పెట్టిందండీ."

"మరింకేం!"

యజమాని అప్పటిదాకా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. లేచి వెళ్ళేటప్పుడు మాత్రం, "లాండ్రీ నిలబడితేనే మనందరం నిలబడతాం పెద్దక్కా" అన్నాడు. పేలిక సంగతి ఆయనకి తెలుసో లేదో ఆమెకి అంతుబట్టలేదు. తెలిసిన విషయం తెలియనట్టుండడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు.

*

చిట్టి ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే పనికి వెళ్ళేముందు పెద్దక్క కిందికి దిగి ఆమెకి జడ వేసేది, జాకెట్టు గుండీలు పెట్టేది. చిట్టి నోరు ఊరుకునేది కాదు.

"అబ్బా, మెల్లగా అక్కా! నా కళ్ళు నెత్తికెక్కాయి చూడు. మా అమ్మ కూడా ఇంత బిగించి వెయ్యలేదు."

"వదులుగా వేస్తే మధ్యాహ్నానికి ఊడిపోతుంది. కదలకుండా కూర్చో."

"నిన్న ఎడమచేత్తో సంతకం పెట్టాను. మీ మరిది చూసి, ఏ కోడి గెలికిందని అడిగాడు." తనే పడిపడి నవ్వింది. నవ్వు అయ్యాక అడిగింది. "విచారణలో నిన్ను కూడా అడుగుతారటగా?"

"ఆఁ."

"నాకేం భయం లేదులే. నువ్వుంటావుగా."

పెద్దక్క దువ్వెన ఒక్క క్షణం ఆగింది. ఇదే సమయం, ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకుంది. "జడకి రబ్బరు ఏదీ?" అని అడిగింది.

*

విచారణ గది చిన్నది. రంగు అతుక్కుపోయి తెరుచుకోని కిటికీ, గోడ వారగా తాళ్ళతో కట్టిన ఫైళ్ళ కట్టలు, మధ్యలో పొడుగాటి బల్ల. విచారణాధికారి జలుబుతో బాధపడుతున్న నడివయసావిడ. మూల ఒకతను చెప్పినదంతా టైపు చేస్తున్నాడు. చిట్టి తరఫున కార్మిక సంఘం పంపిన లాయరమ్మ ఉంది. పక్కనే చిట్టి, చిట్టి మొగుడు.

ముందు చిట్టిని అడిగారు. పద్ధతిగా, ఉన్నదున్నట్టు చెప్పింది. కడ్డీ ఎందుకు ఆపలేదు అని అధికారి అడిగినప్పుడు మాత్రం పెద్దక్క వైపు చూసి, "అది అక్కనడగండి. మాకు పై మనిషి ఆవిడే" అంది. అనడంలో నిష్ఠూరం లేదు. మాట అందించినట్టు అంది.

పెద్దక్క లేచి నిలబడింది.

"ప్రమాదం ఎలా జరిగిందమ్మా?"

"అజాగ్రత్త వల్లండీ."

"ఎవరి అజాగ్రత్త?"

"ఆ... తనదేనండీ. చిట్టిది."

అంతే చాలని లాయరు చెప్పాడు. కానీ అధికారి ముక్కు తుడుచుకుని, "ఎలాంటి అజాగ్రత్త? కాస్త వివరంగా చెప్పండి" అంది. దానికి జవాబు పెద్దక్కకి ఎవరూ నేర్పలేదు. కానీ ఒకసారి నోరు తెరిచాక మాటలు వాటంతటవే వచ్చాయి. పని చేస్తూ కబుర్లు చెప్తుంటుందండీ. ఎన్నిసార్లు చెప్పినా వినదండీ. ధ్యాస అంతా ఎక్కడో ఉంటుందండీ. కడ్డీ సంగతేమిటంటే, నాకు తెలిసినంతలో బాగానే ఉందండీ. ఒక్కో మాటకీ మూలనున్నతని వేళ్ళు టకటకలాడుతూ పోయాయి. యజమాని లాయరు బల్ల మీద చూపు దించుకుని, ఇంత బాగా పాఠం అప్పగిస్తుందని అనుకోని పిల్లని విన్న మాస్టారిలా మెల్లగా తలాడించాడు.

కూర్చోవడానికి వెనక్కి తిరిగితే చిట్టి కనిపించింది. కోపంగా లేదు. నోరు కొద్దిగా తెరుచుకుని, తెలిసినవాళ్ళనుకుని పిలిస్తే వేరెవరో తిరిగి చూసినప్పుడు చూస్తామే, అలా చూస్తోంది.

మర్నాడు పొద్దున పెద్దక్క దువ్వెన పట్టుకుని కిందికి దిగింది. దిగకపోతే బాగుండదని దిగింది. చిట్టి జుట్టు విరబోసుకుని తనే తలుపు తీసింది. గుమ్మంలోంచి పక్కకి జరగలేదు.

"వద్దులే అక్కా. నేనే అలవాటు చేసుకోవాలి."

"చిట్టీ, అది నేనుగా అన్నది కాదే. లాయరు అలా అనమంటే..."

"చెయ్యి పోయినందుకు నిన్నొక్క మాట అన్నానా?"

"లేదు."

"అనను కూడా. కానీ నువ్వే చెప్పక్కా, ఇంతకాలంలో ఒక్క దుప్పటి అంచు కాలనిచ్చానా? ఒక్కసారి నీతో మాట పడ్డానా? మొన్న మొన్నటిదాకా నా పని చూపించి కొత్తవాళ్ళకి నేర్పేదానివి. ఇప్పుడు పదిమందిలో నన్ను అజాగ్రత్త మనిషిని చేశావు. కబుర్లమ్మని చేశావు." విరబోసిన జుట్టు ఎడమచేత్తో వెనక్కి తోసుకుంది. "ఆసుపత్రిలో కుట్లు వేసినప్పుడు కూడా నేనింత ఏడవలేదు."

తలుపు మెల్లగానే వేసుకుంది. పెద్దక్కకి తల తీసేసినట్టయింది.

*

లాండ్రీలో ఆ మాట ఒక ఆటైపోయింది. ఎవరి చేతిలోంచి సబ్బు జారినా "అజాగ్రత్త!" అని కేక. టీ ఒలికితే "అజాగ్రత్త! రాసుకోండి, రాసుకోండి!" లారీ డ్రైవరు వెనక్కి తీస్తూ గోడకి రాసినరోజున హాలంతా ఒకటే నవ్వు. పెద్దక్క లోపలికి అడుగుపెట్టగానే నవ్వు కత్తిరించినట్టు ఆగిపోయింది. నవ్వినందుకు కాదు ఆమె బాధ. ఒకప్పుడు ఆ నవ్వుల్లో తన గొంతే అందరికన్నా పైన ఉండేది.

మెకానిక్కు కొత్త స్విచ్చు తెచ్చి, తనకిచ్చిన టీ చల్లారేలోపు బిగించి వెళ్ళిపోయాడు. అంత చిన్న పని. కొత్త మనిషి రోలరు దగ్గర చెయ్యి కాస్త ముందుకి పెడితే చాలు, మిషను వినయంగా ఆగుతోంది. ఆగినప్పుడల్లా పెద్దక్క చేస్తున్న లెక్క తప్పి మళ్ళీ మొదట్నుంచి ఎంచేది.

మడతలు లెక్కచూస్తూ లాయరు చెప్పిన మాటల్ని తనకి తొడిగి చూసుకునేది. ఏమరపాటా? కాదు. ఆరోజు మనసు ఎక్కడికీ పోలేదు. కడ్డీ మీదే ఉంది. అజాగ్రత్తా? ముడి ఊడకుండా ఎంతో జాగ్రత్తగా కట్టింది. అశ్రద్ధా? ఆ లాండ్రీ మీద తనకున్న శ్రద్ధ ఇంకెవరికుంది! చిట్టికి మాత్రం ఆ మాటల్లో ఒకటి ఏరి, బాగుందో లేదో చూడకుండా తగిలించేసింది. తన దగ్గరికి వచ్చేసరికి ఎంత వెతికినా సరిపోయే మాట ఒక్కటే మిగులుతోంది. ఆ ఒక్కటే నోట రాకూడదని లాయరు చెప్పాడు.

ఒక సాయంత్రం పని నుంచి వస్తుంటే మెట్ల దగ్గర మరిది నిలబడి ఉన్నాడు. తాళాలు బాగుచేసే పని అతనిది. మాట తక్కువ. వదినంటే మొదట్నుంచీ గౌరవం.

"వదినా, ఒకటి అడుగుతాను. కోపం తెచ్చుకోవద్దు. ఆ పేలిక ఏం చేశావు?"

పెద్దక్క మెట్ల కమ్మీ పట్టుకుంది.

"ఎవరు చెప్పారు నీకు?"

"చిట్టి చూసింది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి చూసిందట. నువ్వు ముడి విప్పుతున్నావు."

"చూసిందా! మరి మీ లాయరమ్మకి చెప్పలేదా?"

"చెప్పలేదు. నన్నూ చెప్పనివ్వలేదు." మరిది నేలకేసి చూస్తూ మాట్లాడాడు. "అక్క భయపడి తీసేసి ఉంటుంది, సమయం వస్తే అక్కే చెప్తుంది, మనం చెప్తే అక్క పని పోతుంది అంది. విచారణకి వెళ్తూ బస్సులో కూడా అదే మాట. నువ్వే చూడు, ఈరోజు అక్క చెప్పేస్తుంది, అని."

"ఇప్పుడేమంటోంది?"

"ఇప్పుడేమీ అనడం లేదు వదినా."

అతను తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "నేను అడిగానని తనకి తెలియదు, చెప్పొద్దు" అని లోపలికి వెళ్ళిపోయాడు. పెద్దక్క అక్కడే మెట్టు మీద కూలబడింది. పైనుంచి దిగొచ్చినవాళ్ళు దారి ఇమ్మంటే ఒదిగి కూర్చుంది గానీ లేవలేకపోయింది. కడ్డీని కట్టేసినందుకు కన్నా, అబద్ధం చెప్పినందుకు కన్నా, అన్నీ తెలిసి కూడా తనని నమ్మి రోజూ పొద్దున్నే తల అప్పగించి కూర్చున్న ఆ పిల్లని తలుచుకుంటే వచ్చిన సిగ్గు ఎక్కువ. ఎవరైనా చూస్తారేమోనని వచ్చే సిగ్గు కాదది. చూసినవాళ్ళు చూసి కూడా ఊరుకున్నారన్న సిగ్గు.

మొగుడికి చెప్తే అతను కంగారుపడ్డాడు. "ఇప్పుడు చెప్తే నిన్నే పట్టుకుంటారు. కడ్డీ కట్టి ఉండేదని తెలిసినవాళ్ళు పని పోతుందన్న భయంతో నోరు విప్పరు. పేలిక లేదు, నువ్వు విప్పడం చూసినవాళ్ళు లేరు. నోరు మూసుకో."

"చిట్టి చూసింది."

అతను కంచం పక్కకి జరిపేశాడు. "నీ ఇష్టం" అన్నాడు.

*

రెండో విడత విచారణలో ప్రశ్నలు అడిగే వంతు చిట్టి తరఫు లాయరమ్మది. పెద్దక్క ఎదుట నిలబడి సూటిగా మొదలుపెట్టింది.

"కిందటిసారి మీరు అజాగ్రత్త అన్న మాట వాడారు. మీ దృష్టిలో ఆ మాటకి అర్థమేమిటి?"

యజమాని లాయరు కుర్చీలో వెనక్కి వాలి, ఏం ఫర్వాలేదు చెప్పండి అన్నట్టు చూశాడు.

"ఆ మాట తప్పండీ" అంది పెద్దక్క. "అది అజాగ్రత్త కాదు."

యజమాని లాయరు చప్పున లేచాడు. "ఆవిడ ఉద్దేశం ఏమరపాటనండీ. మాట కోసం తడుముకుంటున్నారు."

"ఏమరపాటూ కాదండీ. నిర్లక్ష్యం."

గదిలో టైపు చప్పుడు ఆగింది. అధికారి చేతిరుమాలు పక్కన పెట్టింది. "ఎవరిది? ఈ అమ్మాయిదా?"

"కాదండీ. నాది."

అక్కడి నుంచి ఆమె ఆగకుండా చెప్పింది. కడ్డీ పాడైన సంగతి, స్విచ్చు తెప్పించమని అడిగిన సంగతి, యజమాని చూద్దాంలెమ్మన్న సంగతి. "తెప్పించకపోవడం ఆయన నిర్లక్ష్యమండీ. కట్టేసింది మాత్రం నేను. ఎవరూ కట్టమనలేదు. చెయ్యి పోవచ్చని నాకు తెలుసు. అది ఉన్నదే అందుకని తెలుసు. పోనీలే, ఏమవుతుంది అనుకున్నాను."

"కబుర్లు చెప్తుంటుంది, మాట వినదు అన్నారు?"

"కల్పించానండీ. రోలరు దగ్గర తనంత నిదానంగా పనిచేసేవాళ్ళు మా దగ్గర లేరు."

"నిర్లక్ష్యం అనే మాటకి చట్టంలో ఎంత బరువుందో తెలిసే అంటున్నారా? మిమ్మల్ని ఎవరైనా ఒత్తిడి చేశారా?"

"లేదండీ. అర్థం తెలిసే అంటున్నాను." యజమాని లాయరు వైపు చూసింది. "ఆయనే విడమరిచి చెప్పారు, పాలగిన్నె పెట్టి మరీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. లాయరు ముఖం కందగడ్డలా అయిపోయింది. పెద్దక్క హాస్యానికి అనలేదు. నవ్వు విని ఇంకా కుంచించుకుపోయింది.

"ఆ పేలిక ఏమైంది?" అని అడిగింది అధికారి.

దీనికి జవాబు చెప్పకుండా తప్పించుకునే దారి ఉంటే బాగుండునని ఆమె ఒక్క క్షణం వెతుక్కుంది.

"ఆసుపత్రి చెత్తబుట్టలో పడేశానండీ" అంది. "లోపల తనకి కుట్లు వేస్తుండగా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తప్పు ఒప్పుకుంటే గుండె బరువు దిగుతుందని వినడమే గానీ, పెద్దక్కకి ఏ బరువూ దిగలేదు. ఇన్నాళ్ళూ తనొక్కతే చూసుకున్న దాన్ని ఇప్పుడు బల్ల చుట్టూ కూర్చున్న వాళ్ళంతా చూస్తున్నారు. లాయరమ్మ చిట్టి వైపు తిరిగి, నీకిది ముందే తెలుసా అన్నట్టు కళ్ళతోనే అడిగింది. చిట్టి తల దించుకుంది. సిగ్గుపడాల్సింది తనైతే ఆ పిల్ల తల దించుకోవడం పెద్దక్క చూడలేకపోయింది.

*

యజమాని ఆ వారమే ఆమెను పనిలోంచి తీసేశాడు. తీర్పు తర్వాత వచ్చింది. భద్రతా పరికరాన్ని బాగుచేయించకపోవడం యాజమాన్యం నిర్లక్ష్యమనీ, తెలిసి కట్టివేయడం సూపర్వైజరు నిర్లక్ష్యమనీ, చిట్టికి యజమాని పరిహారం ఇవ్వాలనీ అందులో ఉంది. 'కార్మికురాలి వైపు ఎలాంటి అజాగ్రత్తా లేదు' అన్న వాక్యం దగ్గర చిట్టి లాయరమ్మ మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ ముక్క ఇంకోసారి చదవరా?"

లాయరమ్మ చదివింది. పరిహారం గురించి ఉన్న పేరాను చిట్టి సరిగ్గా విననే లేదట. మరిది తర్వాత చెప్పాడు.

చిట్టి మళ్ళీ అదే లాండ్రీకి వెళ్తోంది, రోలరు దగ్గరికి కాదు, ఉతికిన బట్టల్లో మరకలు, చిరుగులు పట్టుకునే పనికి. పెద్దక్క ఒక దర్జీ కొట్లో గుండీలు కుట్టే పనిలో కుదిరింది. అక్కడ ఆమెకి ఎవరి మీదా అజమాయిషీ లేదు. అడిగి మరీ అలాంటి పని చూసుకుంది. రెండు కుటుంబాలూ అదే మేడలో ఉన్నాయి. మాటలు మానలేదు. పంపులో నీళ్ళు వస్తున్నాయని చిట్టి కేకేస్తుంది. పెద్దక్క కిందికి బిందెలు దించుతుంది. అక్కా అనే పిలుస్తుంది చిట్టి. ఆ పిలుపులో ఏదైనా తగ్గిందా అని పెద్దక్క ప్రతిసారీ చెవి రిక్కించి వింటుంది. తగ్గిందని గట్టిగా చెప్పలేకపోతుంది, తగ్గలేదని నమ్మలేకపోతుంది.

దారిలో ఎవరైనా చిట్టి చెయ్యి చూసి ఏమైందని అడిగితే, "మిషన్లో పడిందండీ" అని రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. పెద్దక్క పక్కనే ఉన్నా అంతే చెప్తుంది. మిషన్లో పడింది. ఎవరి పేరూ లేని మాట. అది విన్నప్పుడల్లా పెద్దక్కకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఒక్కసారి నా పేరు చెప్పరాదా అని లోలోపలే బతిమాలుకుంటుంది.

పెద్దక్క వాళ్ళ పై అంతస్తులోకి కొత్తగా ఒక ముసలావిడ దిగింది. ఆరాలు తీయడం ఆవిడ సరదా. ఒక ఉదయం మెట్ల మీద ఇద్దరూ ఎదురయ్యేసరికి చిట్టి చెయ్యి చూసి నొచ్చుకుంది.

"అయ్యయ్యో, చిన్నదానివి! ఏమైందమ్మా ఆ చెయ్యి?"

చిట్టి అలవాటుగా నోరు తెరిచింది. ఈసారి పెద్దక్క ముందు మాట్లాడింది.

"నా వల్ల పోయిందండీ."

ముసలావిడ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఇంకో ప్రశ్న అడగబోయి, ఎందుకో మానేసి, చెత్తబండి వచ్చి వెళ్ళిపోయిందా అని అడిగింది. ఇంకా రాలేదన్నారు. ఆవిడ మెల్లగా పైకి ఎక్కిపోయింది.

మెట్ల మీద ఇద్దరే మిగిలారు. "అదేంటక్కా, అలా అంటావు" అని గానీ, "ఊరుకో" అని గానీ చిట్టి అంటుందేమోనని పెద్దక్క ఎదురుచూసింది. అంటే బాగుండునని కూడా ఆశపడింది. ఆ ఆశ పుట్టినందుకు మళ్ళీ సిగ్గుపడింది.

చిట్టి సంచీ ఎడమ భుజానికి సర్దుకుంది. "సాయంత్రం బజారుకి వెళ్దామా అక్కా? ఇంట్లో కూరగాయలు లేవు" అంది.

"వెళ్దాం" అంది పెద్దక్క.

చిట్టి మెట్లు దిగి పనికి వెళ్ళిపోయింది. పెద్దక్క అన్న ఆ మాటని కాదని మాత్రం అనలేదు.